వెనక కూర్చున్న వాళ్ళదే బండి

లైసెన్సు చేతికొచ్చి, మొదటిసారి వెనక ఒక మనిషిని ఎక్కించుకోబోయే కుర్రవాడు మా తలుపుల ఊళ్ళో ఎవరినడిగినా ఒకే తీరు సలహా దొరుకుతుంది. ముందు నీ స్నేహితుణ్ణి ఎక్కించుకో, బండి తోలడం తెలిసినవాడైతే మరీ మంచిది. కదిరి దాకా ఒకసారి పోయి రా, భయం తీరిపోతుంది. వెనక వాళ్ళను మూటలా కదలకుండా కూర్చోమను. గట్టిగా పట్టుకోమను. మాట్లాడొద్దను. వీటిలో ఒక్కటి కూడా నేను ఒప్పుకోను. నా సలహాలు ఊరికి ఎదురు నడిచేవి, విన్నవాళ్ళు ‘ఇదేం తిక్క’ అంటారు. అననీ. వెనక కూర్చున్న మనిషికి హ్యాండిల్ లేదు, బ్రేకు లేదు, ముందున్న దారి కూడా సరిగ్గా కనపడదు. ఉన్నదల్లా తోలేవాడి మీద నమ్మకం. అందుకని ఆ బండి మీద పెత్తనమంతా వెనక వాళ్ళదే కావాలి. ఈ ఒక్క మాట ఒప్పుకుంటే మిగతావన్నీ దాని వెంటే వస్తాయి.

ఎవరినైనా ఎక్కించుకునే ముందు నువ్వు వెనక కూర్చో. నిదానంగా తోలే పెద్దవాళ్ళెవరినైనా అడిగి, ఊరి చుట్టూ ఒక చుట్టు తిప్పమను. ఫోను జేబులో పెట్టుకో, చేతులు సీటు వెనక పట్టుకునే రైలు మీద పెట్టు, దారిని చూడడానికి మెడ పక్కకు వంచకు. అప్పుడు నీకు కనిపించేది ముందు మనిషి హెల్మెట్ వెనక భాగం, చొక్కా కాలరు, పక్కన వెనక్కి పోతున్న గోడలు. స్పీడ్ బ్రేకరు వచ్చిందని నీకు కంటితో తెలియదు, నడుముకు తెలుస్తుంది. బ్రేకు వేశాడని వేశాక తెలుస్తుంది. గేరు మార్చినప్పుడల్లా తల ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి ఊగుతుంది. తోలేవాడికి తన చేతిలో ఉన్న బండి ఏం చేయబోతోందో అర సెకను ముందే తెలుసు కాబట్టి ఒళ్ళు తనంతట తానే సర్దుకుంటుంది. వెనక వాళ్ళకు ఆ అర సెకను ఎవరూ ఇవ్వరు. మొదటి పాఠం అదే, అది ముందు సీట్లో కూర్చుంటే రాదు.

చట్టం కూడా నా పక్షానే ఉందని నా నమ్మకం. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం ఎల్ బోర్డు ఉన్నన్నాళ్ళు మోటారు సైకిల్ మీద, లైసెన్సుండి నేర్పే మనిషిని తప్ప మరెవరినీ ఎక్కించుకోకూడదు. అంటే చట్టం లెక్కలో నీ వెనక కూర్చునే మొట్టమొదటి మనిషి నీకు బండి నేర్పే గురువు. గురువు చెప్తే ఆపుతావు, నిదానించమంటే నిదానిస్తావు. లైసెన్సు రాగానే ఆ సీటుకున్న గౌరవం ఎందుకు పోవాలి?

ఇక మొదట ఎవరిని ఎక్కించుకోవాలి? స్నేహితుణ్ణి మాత్రం వద్దు. వాడికి బండి తెలుసు కాబట్టి నీ తప్పులన్నీ వాడి ఒళ్ళు సర్దేస్తుంది. నువ్వు క్లచ్ దబుక్కున వదిలితే వాడు తొడలతో సీటు బిగించి పట్టుకుంటాడు. మలుపులో నీకంటే ముందే వంగుతాడు. దిగాక భుజం తట్టి ‘సూపర్ తోల్నావురా’ అంటాడు. ఇద్దరూ కలిసి తోలిన బండిని నువ్వొక్కడివే తోలావనుకుంటావు. పైగా వాడు వెనకుంటే వేగం పెరుగుతుందే గానీ తగ్గదు.

అవ్వను ఎక్కించుకో. ఊరంతా తిట్టే సలహా ఇదేనని నాకు తెలుసు. తనంతట తాను మెట్లెక్కి దిగగలిగే అవ్వ, బండంటే కొంచెం భయమున్న అవ్వ అయితే మరీ మేలు. ఆమె దేన్నీ సర్దదు. నీ తప్పు ఎక్కడుందో అక్కడే బయటపడుతుంది. క్లచ్ కుదుపు ఇచ్చావంటే ఆమె వేళ్ళు నీ చొక్కాను పిండేస్తాయి. బ్రేకు గట్టిగా పడితే ఆమె భుజం నీ వీపుకు తగులుతుంది. ఇంత నిజాయితీగా మార్కులు వేసేవాళ్ళు ఇంట్లో ఉండగా ఇంకొకరి దగ్గరికి పోవడం ఎందుకు?

అయితే అవ్వ ఎక్కే లోపు కొన్ని పనులున్నాయి, వీటి దగ్గర నేను ఏ సర్దుబాటూ ఒప్పుకోను. మన ఇళ్ళలో ఎక్కువగా కనిపించే స్ప్లెండర్ లాంటి బండి బరువు 112 కిలోలు. అరవై కిలోల కుర్రవాడు కూర్చుంటే మొత్తం 172. వెనక యాభై ఐదు కిలోల మనిషి ఎక్కితే బరువు దాదాపు మూడో వంతు పెరిగిపోయినట్టు. అది కూడా మధ్యలో కాదు, వెనక చక్రం మీద. ముందు చక్రం తేలికవుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు హ్యాండిల్ వదులుగా ఉన్నట్టు తోస్తుంది. ఆగడానికి ఎక్కువ దూరం కావాలి. కాబట్టి వెనక టైరులో గాలి చూసుకో. కంపెనీ ఇచ్చిన పుస్తకంలో, చాలా బండ్లకైతే బండి మీదే అంటించిన స్టిక్కర్‌లో, ఒక్కరికి ఒక లెక్క, ఇద్దరికి ఇంకో లెక్క రాసి ఉంటుంది. గాలి కొట్టే చోట ‘ఇద్దరికి’ అని నోరు తెరిచి చెప్పాలి. వెనక షాకబ్జర్ల స్ప్రింగు కింద మెట్లు మెట్లుగా తిరిగే రింగు ఉంటుంది. మెకానిక్ దగ్గర దాన్ని ఒకటి రెండు మెట్లు బిగించుకుంటే గుంతలో పడినప్పుడు బండి అడుగు తగలదు.

ఆ తర్వాత ఓ నాలుగైదు రోజులు సీటు మీద నలభై కిలోల బుడ్డల మూట కట్టుకుని బడి మైదానంలో తిరుగు. నవ్వేవాళ్ళు నవ్వుతారు. మూట మాట్లాడదు, భయపడదు, అది నేర్పలేనివి చాలా ఉన్నాయి. కానీ బయలుదేరడం, ఆగడం, మరీ నిదానంగా మలుపు తిరగడం అనే మూడింటినీ మూటే నేర్పుతుంది. నడిచే మనిషి వేగంతో, సగం క్లచ్ పట్టి, వెనక బ్రేకు కొంచెం తొక్కి ఉంచి, కాలు కింద పెట్టకుండా మైదానంలో ఎనిమిది అంకె వేయి. అది వచ్చేదాకా మనిషిని ఎక్కించొద్దు. వేగంగా పోవడం ఎవరికైనా వస్తుంది. తడబడేదంతా బండి ఆగబోతున్నప్పుడే, రెండోవాళ్ళ బరువు పక్కకు లాగేది కూడా అప్పుడే.

ఇప్పుడు చీర సంగతి. మన అవ్వలు, పెద్దమ్మలు, అత్తలు ఒక పక్కకే కూర్చుంటారు. రెండు వైపులా కాళ్ళు వేసి కూర్చోవడమే మేలు, చుడీదారు వేసుకున్న పిల్లలకు అలాగే కూర్చోమని చెప్పు. చీర కట్టిన అవ్వతో ఆ వాదన పెట్టుకోకు. ఆమె కూర్చునే తీరుకు తగ్గట్టు బండిని సిద్ధం చేయడం నీ పని. వెనక కూర్చునేవాళ్ళు పట్టుకోవడానికి పట్టు, కాలు పెట్టుకోవడానికి ఆసరా, బట్టలు చుట్టుకోకుండా వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే అడ్డు, ఈ మూడూ ప్రతి మోటారు సైకిల్‌కూ ఉండాలని అవే కేంద్ర నియమాల్లో 123వ నియమం చెప్తుంది. ఆ మూడో దాన్నే మనం శారీ గార్డ్ అంటాం. బండి కొన్న నెల తిరక్కుండానే అందం చెడిందని దాన్ని విప్పించి మూల పడేసే కుర్రవాళ్ళున్నారు. వెళ్ళి తెచ్చి బిగించు. కొంగు, చున్నీ చక్రంలోకో చెయిన్‌లోకో పోతే అది మెడకు బిగుస్తుంది, లేదా మనిషిని కిందికి లాగేస్తుంది. రెండింటిలో ఏది జరిగినా నీకు తెలిసేటప్పటికి ఆలస్యమైపోతుంది.

పట్టు చీరైతే ఇంకో జాగ్రత్త. మన పక్కనే ధర్మవరం ఉంది, పెళ్ళికి పోయే ఆడవాళ్ళ ఒంటి మీద ఆ చీరే ఉంటుంది. రెగ్జిన్ సీటు మీద పట్టు నిలవదు. పక్కకు కూర్చున్న మనిషి ప్రతి బ్రేకుకూ రవ్వంత ముందుకు, ప్రతి గుంతకూ రవ్వంత అంచుకు జారుతూ ఉంటుంది. సీటు మీద మందపాటి నూలు టవలు పరిచి, దాని చివరలు కింద కట్టేయి. పెళ్ళివారి ఇంటి ముందు దిగేటప్పుడు ఎవరో చూస్తారని సిగ్గుపడకు.

హెల్మెట్ ఆమెకూ కావాలి. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ నాలుగేళ్ళు దాటిన ప్రతి మనిషికీ, తోలేవాళ్ళకూ వెనక వాళ్ళకూ, ఒకే మాట చెప్తుంది. అడ్డొచ్చేది కొప్పు. పైకి పెట్టిన కొప్పు మీద హెల్మెట్ కూర్చోదు, కూర్చున్నట్టు కనిపించినా పట్టీ గడ్డం కిందికి రాదు. కొప్పు విప్పి మెడ దగ్గరికి, కిందికి ముడి వేసుకోమను. కదిరి మల్లెలు కవరులో పెట్టుకుని, గుడి దగ్గర దిగాక పెట్టుకోవచ్చు. పట్టీ నీ చేత్తో బిగించు, దానికీ గడ్డానికీ మధ్య రెండు వేళ్ళు పట్టాలి. ఇదంతా మొదటిసారి పది నిమిషాలు పడుతుంది. ‘వద్దులేరా, దగ్గరేగా’ అంటుంది అవ్వ. ఆమె పెత్తనం చెల్లనిది ఈ ఒక్క చోటే.

ఎక్కించే తీరు చెప్తాను. బండి చదునైన చోట నిలబెట్టు, రెండు కాళ్ళూ నేల మీద ఆనించు, ముందు బ్రేకు పట్టుకో, గేరు వేయకు. ‘ఎక్కనా?’ అని ఆమె అడగాలి, ‘ఎక్కవ్వా’ అని నువ్వనాలి. నువ్వు పిలవకుండా ఆమె ఎక్కకూడదు. ఎక్కి, కొంగు నడుములో దోపుకుని, కాలు ఆనించి, కుడిచేయి నీ నడుము చుట్టూ వేసి, ఎడమచేత్తో రైలు పట్టుకుని సర్దుకునేదాకా గేరు మాట ఎత్తకు. నీ భుజం పట్టుకోనివ్వకు, భుజం లాగితే హ్యాండిల్ తిరుగుతుంది. సర్దుకున్నాక ‘పోదాం’ అని ఆమె నోటితో చెప్పాలి. బండి కదలాల్సింది ఆ మాటకే. ‘కూర్చున్నావా?’ అని వెనక్కి తిరక్కుండా అడిగి, జవాబు వినకుండానే క్లచ్ వదిలేసేవాళ్ళను రోజూ చూస్తున్నాం. ఎడమ పక్కకు బరువు ఉంటుంది కాబట్టి బండి మొదటి పది గజాలు ఎడమకు లాగుతుంది. హ్యాండిల్‌తో కొట్లాడకుండా నీ నడుమును రవ్వంత కుడికి జరుపుకో.

ముందు బ్రేకు వాడొద్దని చెప్పేవాళ్ళు మన దగ్గర ఎక్కువ. ఆ మాట వినకు. ఇద్దరున్నప్పుడు వెనక చక్రం మీద బరువుంటుంది కాబట్టి వెనక బ్రేకు మామూలు కంటే బాగా పడుతుంది, నిజమే. కానీ రెండూ కలిపి, ముందుది వేలికొసలతో పిండినట్టు పడితేనే బండి నిటారుగా ఆగుతుంది. 2019 ఏప్రిల్ నుంచి అమ్మిన 125 సీసీ లోపు బండ్లలో ఏబీఎస్ లేకపోతే, వెనక బ్రేకు తొక్కితే ముందుది కూడా కొంత పడే ఏర్పాటు ఉంటుంది. అంతకు పాత బండిలో ఆ పని నీ చేతులే చేయాలి. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో ఒక్క సెకనుకు 11 మీటర్లు పోతావు. చూసి, అర్థమై, బ్రేకు మీదికి చేయి పోయేలోపు ఆ 11 మీటర్లు అయిపోతాయి. 20లో అయితే అందులో సగం. అవ్వతో మొదటి నెల 20 దాటొద్దని నా మాట. వెనకొచ్చే లారీవాడు హారన్ కొడతాడు. పక్కకు తప్పుకుని వాడికి దారివ్వు.

ఆమెను మాట్లాడనివ్వు. ఊరి సలహాల్లో నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ‘మాట్లాడొద్దను’ అన్నదే. ‘నిదానంరా అబ్బోడా’ అంటుంది, ‘అద్దో గుంత’ అంటుంది, ‘ఆపప్పా’ అంటుంది. ప్రతిదానికీ లోబడు. గాలికి మాట వినపడకపోతే నడుము మీద ఒక తట్టు తడితే నిదానించాలని, రెండు తడితే ఆపాలని ఇంటి దగ్గరే ఒప్పందం చేసుకోండి. ఆమె భయం తప్పని నీకు తెలిసినా సరే, ఆపమన్నప్పుడు ఆపు. ఆపి, పక్కకు తీసి, దించి, కాసేపు నిలబడి మళ్ళీ ఎక్కించుకో. ఇది మొండితనం కాదు, లెక్క ఉంది. భయపడ్డ మనిషి ఊరికే కూర్చోదు. మలుపులో బండి వంగితే ఎదురు పక్కకు ఒరుగుతుంది, గట్టిగా లాగుతుంది, దిగడానికి కాలు చాపుతుంది. అంత బరువు వెనక కదిలితే నీ హ్యాండిల్ నీ మాట వినదు. ఒకసారి ఆపమన్నప్పుడు ఆపావని తెలిస్తే రెండోసారి ఆమె ఆపమనే అవసరమే ఉండదు. ‘ఏం కాదులే అవ్వా’ అని ముందుకు పోయావంటే ఆ రోజు నుంచీ ఆమె నీ బండెక్కిన ప్రతిసారీ ఒళ్ళు బిగపట్టుకునే కూర్చుంటుంది.

మొదటి సవారీకి కదిరి పోవద్దు. ఫాల్గుణంలో లక్ష్మీ నరసింహస్వామి తేరు నాడైతే అసలే వద్దు. ఆ జనంలో కాలు కింద పెట్టడానికి కూడా చోటు దొరకదు, ఊరి బయట బండి నిలిపి నడిచి పోవడమే తెలివి. వాన పడ్డాక బట్రేపల్లి జలపాతం చూడ్డానికి పోయే కుర్రవాళ్ళ గుంపులో కూడా కలవకు. పొద్దున్నే, బడి పిల్లలు రోడ్డెక్కక ముందు, ఊరిలోనే పాలకో, చుట్టం ఇంటికో తీసుకుపో. ఆమెకు పనున్న చోటికి పోవాలి. నీ చేతి సరదా తీర్చుకోవడానికి ఆమెను ఎక్కించుకోవడం నాకు నచ్చదు.

కోతల కాలంలో మన రోడ్లమీద ఉలవ కట్టె, కంది కట్టె పరిచి ఉంటారు, బండ్లు తొక్కి గింజ రాలాలని. తడిసిన కట్టె కింద రాలిన ఉలవలు ఎంత జారతాయో ఒకసారి చెప్పు కాలితో తొక్కి చూడు, చక్రానికీ అంతే. వెనక మనిషి ఉంటే దాని మీద బ్రేకు, మలుపు, రేజు, మూడూ నిషిద్ధం. నేనైతే అవ్వను దింపి, ఆ పాతిక గజాలూ పక్కన నడిపించి, అవతల ఎక్కించుకోమంటాను. మనిషిని దింపి నడిపిస్తే తోలడం రాదంటారని కుర్రవాళ్ళు వెనకాడతారు. అననీ. పొలం పని చేసిన మనిషి పాతిక గజాలు నడవలేకపోదు. ఎండకు గొడుగు మాత్రం బండి మీద తెరవనివ్వకు. గాలి పట్టిందంటే గొడుగు కాదు, మనిషే లేచిపోతుంది.

నాకు నిద్ర పట్టనివ్వని సంగతి ఒకటుంది, ఊళ్ళో ఎవరూ చెప్పనిది. 2018 సెప్టెంబరు నుంచి కొత్త ద్విచక్ర వాహనానికి ఐదేళ్ళ థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. చాలామంది ఆ ఒక్కటి కట్టి ఊరుకుంటారు. బండి సొంతదారుడే తోలుతుంటే అతనికి విడిగా 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉంది. వెనక కూర్చున్న మనిషి? చట్టం అడిగే కనీస పాలసీ వెనక కూర్చున్నవాళ్ళకు వర్తించదని 2006లో తిలక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ప్యాకేజీ పాలసీ, అంటే జనం ఫుల్ ఇన్సూరెన్స్ అనేది, తీసుకుంటే వెనకవాళ్ళకు రక్షణ ఉంటుంది. ముందు కూర్చుని హ్యాండిల్ పట్టుకున్నవాడికి 15 లక్షలు, అతణ్ణి నమ్మి వెనక ఎక్కిన తల్లికి ఏమీ లేదు! ఇది ఎవరికి న్యాయమనిపిస్తుందో నాకు తెలియదు. ఈ రోజే నీ పాలసీ కాగితం తీసి చదువు. థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే, పైన కట్టాల్సిన డబ్బు కట్టేదాకా అవ్వ ఎక్కొద్దు. అలంకారానికి పెట్టే ఖర్చును దీనికి మళ్ళించు. కొత్త సైలెన్సరు వల్ల వెనక మనిషికి ఒరిగేదేమీ లేదు.

మూడో మనిషి ఎక్కుతానంటే ఒక్కటే జవాబు. వెనక ఒక్కరే, అదీ బిగించిన సీటు మీదే అని మోటారు వాహనాల చట్టం 128వ సెక్షన్. తప్పితే వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సు చెల్లదు. ఇద్దరు కూర్చునేలా తయారైన మొదటి భారతీయ మోపెడ్ టీవీఎస్ 50 బయటికొచ్చింది 1980లో, మనకు దూరం కాని హోసూరు నుంచి. అది రాకముందు మోపెడ్ ఒక్కరికే. రెండో మనిషికి చోటు దొరకడానికే అంత కాలం పట్టింది, ఆ చోటును ముగ్గురు నలుగురికి పంచేసి దాన్ని ఎవరికీ భద్రం కాకుండా చేస్తున్నారు. చంటిపిల్లలను ట్యాంకు మీద ముందు కూర్చోబెట్టడం కూడా మానాలి. నాలుగేళ్ళ లోపు పిల్లలకు తోలేవాడికి కట్టే పట్టీ, పిల్లల హెల్మెట్, 40 దాటని వేగం ఉండాలని 2022 ఫిబ్రవరిలో నియమం వచ్చింది, మరుసటి ఏడాది నుంచి అమల్లో ఉంది. తలుపులలో ఆ పట్టీ కట్టిన బండి నేను చూడలేదు. నీదే మొదటిది కావచ్చు.

చివరగా ఇంకొకటి. అవ్వ కాకపోయినా, మీ అమ్మో అక్కో చెల్లెలో ఏదో ఒక రోజు ‘నాకూ నేర్పరా’ అంటుంది. పద్దెనిమిది నిండి, లెర్నర్ లైసెన్సు తీసుకుంటే చాలు, వెంటనే ఒప్పుకో. తెల్ల పలక మీద ఎర్రగా రాసిన ఎల్ బోర్డు ముందొకటి వెనకొకటి కట్టి, తాళం ఆమె చేతికిచ్చి నువ్వు వెనక ఎక్కు. కాళ్ళు ఫుట్‌రెస్టుల మీద, చేతులు రైలు మీద. ఆమె భుజం మీదుగా హ్యాండిల్ వైపు చేయి చాపొద్దు. ప్రమాదం కనిపిస్తే ‘ఆపు’ అను, అంతే. గేరు తప్పు వేసినా, బండి ఆగిపోయినా అరవకు. బండి పక్కకు తీసి స్టాండు వేశాకే ఏం జరిగిందో చెప్పు.